కథ చెప్పి ఒప్పించటం – హద్దు ఎక్కడ?

మనిషి స్వతహాగా కథాప్రియుడు. లెక్కలు చెబితే ఆవులిస్తాడు. 'అనగనగా ఒక ఊళ్లో' అనగానే చెవులు రిక్కిస్తాడు. ఈ సంగతి తల్లులకు ఎప్పటినుంచో తెలుసు, ఖతీబులకూ తెలుసు. ఇప్పుడు వ్యాపారులకు కూడా బాగా తెలిసివచ్చింది. సరుకు గుణగణాలు ఏకరువు పెడితే లాభం లేదు, సరుకు వెనుక ఒక కథ ఉండాలి, ఆ కథలో కొనేవాడు తన ముఖం తాను చూసుకోవాలి అని వ్యాపార శిక్షణా తరగతుల్లో నూరిపోస్తున్నారు. పచ్చడి సీసా మీద ఒక నానమ్మ బొమ్మ, ఆవిడ రోట్లో కారం దంచిన వైనం. అత్తరు డబ్బా మీద మూడు తరాలుగా అదే వృత్తిలో ఉన్న కుటుంబం ముచ్చట. ఆ నానమ్మ నిజంగా ఉందా, ఆ కుటుంబం ఎక్కడుంది అని అడిగేవారు అరుదు.

ఈ విషయమై యువ వ్యాపారులు కొందరు మమ్మల్ని ధర్మసందేహం అడుగుతూ ఉంటారు. కథ కల్పించి చెప్పటం అబద్ధమాడటమేనా? అబద్ధమే అయితే దివ్య ఖుర్ఆన్‌లో, హదీసుల్లో ఇన్ని గాథలు, ఉపమానాలు ఎందుకున్నాయి? కాకపోతే ఎంతవరకు చెప్పవచ్చు? ప్రశ్న చిన్నదేమీ కాదు. 'నిజం హలాల్, అబద్ధం హరామ్' అని ఒక్క ముక్కలో తేల్చి పంపటం సులభమే గాని, దానితో సందేహం తీరదు. ఎందుకంటే ఒక్క అబద్ధం కూడా లేకుండానే నిలువునా మోసగించే కథలున్నాయి. ఎన్నడూ జరగని సంఘటనే అయినా ఎవరినీ మోసగించని కథలూ ఉన్నాయి. హద్దు గీత మరెక్కడో ఉందన్నమాట. దాన్ని వెతకాలి.

ముందుగా యూసుఫ్ సూరానే తీసుకుందాం. 111 ఆయతుల ఈ సూరా ప్రారంభంలోనే అల్లాహ్ దాన్ని గాథలన్నిటిలో ఉత్తమమైన గాథగా పేర్కొన్నాడు. అయితే ఆ ఉత్తమ గాథ లోపల ఒక కట్టుకథ కూడా ఉందన్న సంగతి మనం అంతగా గమనించం. యూసుఫ్ (అలై)ను బావిలో పడవేసి వచ్చిన అన్నలు రాత్రివేళ ఏడుస్తూ తండ్రి ముందు నిలబడ్డారు. తాము పరుగు పందాల్లో మునిగి ఉండగా సామాన్ల దగ్గర ఉన్న తమ్ముణ్ణి తోడేలు తినేసిందన్నారు. సాక్ష్యంగా చొక్కాకు దొంగ రక్తం పూసి తెచ్చారు. కంటికి కన్నీరుంది, చేతికి ఆధారముంది, నోట కథ ఉంది. ఒప్పించటానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ ఒక సూక్ష్మముంది. ఆ 'తోడేలు' వాళ్లకు ఎక్కడినుంచి దొరికింది? నాలుగు ఆయతులు వెనక్కి వెళ్లి చూడండి. పిల్లవాణ్ణి తమ వెంట పంపమని వాళ్లు అడిగినప్పుడు, మీరు ఏమరుపాటుగా ఉంటే వాణ్ణి తోడేలు తినేస్తుందేమోనని భయంగా ఉంది అన్నది తండ్రి యాఖూబ్ (అలై) గారే. కొడుకులు ఆ భయాన్ని అక్కడికక్కడే ఏరుకున్నారు. సాయంత్రానికి దాన్నే కథగా మలచి ఆయనకు తిరిగి అప్పగించారు. వినేవాడి గుండెలో ముందే ఉన్న భయాన్ని గాని, ఆశను గాని పసిగట్టి, దానికి కాళ్లూ చేతులూ తగిలించి అతని ముందే నిలబెట్టటం - నేటి ప్రకటనల విద్య అంతా ఇదే కదా! పిల్లవాడు చదువులో వెనుకబడతాడేమో అన్న తల్లి భయం ఒక పొడి డబ్బాను అమ్మి పెడుతుంది. కూతురి పెళ్లి ఎలా అన్న తండ్రి దిగులు ఒక పొదుపు పథకాన్ని అమ్మి పెడుతుంది.

యాఖూబ్ (అలై) నమ్మలేదు. మీ మనసులు మీకేదో కల్పించి పెట్టాయి అన్న భావంతో జవాబిచ్చి, సహనాన్ని ఆశ్రయించారు. బాలుణ్ణి తినేసిన తోడేలు చొక్కాను మాత్రం చింపకుండా వదిలిందా అని ఆయన విస్మయం చెందినట్టు తఫ్సీర్ గ్రంథాల్లో పూర్వ విద్వాంసుల మాటగా వస్తుంది. కథ చెప్పేవాడు అన్నీ అమర్చుకుంటాడు గాని, ఎక్కడో ఒక చోట చొక్కా చింపటం మరచిపోతాడు. అదే సూరాలో తర్వాత మరో చొక్కా వస్తుంది. అది వెనుకనుంచి చినిగి ఉన్నందువల్లనే యూసుఫ్ (అలై) నిర్దోషి అని తేలింది. చివర మూడో చొక్కా, తండ్రి ముఖం మీద వేయగానే పోయిన చూపు తిరిగొచ్చింది. మొదటి చొక్కాతో అబద్ధం నిలబెట్టబోయారు, మిగతా రెండింటితో నిజం బయటపడింది.

ఖుర్ఆన్ కథనరీతిలో మరో విశేషం దాని పొదుపు. గుహవాసుల గాథ చూడండి. వాళ్లు ముగ్గురా, ఐదుగురా, ఏడుగురా అని జనం తర్జనభర్జన పడుతున్నారని చెప్పి, ఆ లెక్క నా ప్రభువుకే బాగా తెలుసు అని చెప్పమనీ, దాని గురించి లోతుగా వాదులాడవద్దనీ కహఫ్ సూరా 22వ ఆయత్‌లో ఆదేశించబడింది. మామూలు కథకుడైతే సంఖ్యతో పాటు పేర్లూ, ఊరూ, తండ్రులూ, తాతలూ అన్నీ చెప్పి ఉండేవాడు. వివరం ఎంత ఎక్కువైతే నమ్మకం అంత బలపడుతుందని అతనికి తెలుసు. ఖుర్ఆన్‌కు ఆ అవసరం లేదు. ఉపదేశానికి కావలసినంత చెప్పి ఆగిపోతుంది. తర్వాతి కాలపు కథకులు ఆ ఖాళీలను నింపకుండా ఉండలేకపోయారనుకోండి, అది వేరే సంగతి.

కథకు కథే పోటీ అని మక్కా అవిశ్వాసులకూ తెలుసు. నజ్ర్ బిన్ హారిస్ అనే ఖురైష్ పెద్ద హీరా ప్రాంతానికి వెళ్లి పారశీక రాజుల గాథలు, రుస్తుమ్, ఇస్‌ఫందియార్ వీరగాథలు నేర్చుకువచ్చాడని, దైవప్రవక్త (స) ఉపదేశించి లేవగానే ఆ చోట తాను కూర్చుని, నా కథలు అతని మాటలకన్నా బాగుంటాయి అని జనాన్ని పోగుచేసేవాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. లుఖ్మాన్ సూరా 6వ ఆయత్ ఇతని గురించేనని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. రుస్తుమ్ కథ చెప్పటమే అతని నేరం కాదు. వినవలసిన మాటనుంచి జనాన్ని మళ్లించటానికి దాన్ని ఎరగా వాడటం నేరం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ హబషా రాజు నజాషీ దర్బారులో కనిపిస్తుంది. మక్కా దౌర్జన్యాలు భరించలేక వలస వెళ్లిన ముస్లిములను పట్టి అప్పగించమని ఖురైష్ దూతలు కానుకలతో వెళ్లారు. ముస్లిముల పక్షాన హజ్రత్ జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) లేచారు. ఆయన వాదన చేయలేదు, తమ కథ చెప్పారు. మేము విగ్రహాలను పూజించేవాళ్లం, చచ్చిన జంతువులను తినేవాళ్లం, బంధుత్వాలు తెంచుకునేవాళ్లం, మాలో బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడు, అలాంటి మా దగ్గరికి మాలోనుంచే ఒక ప్రవక్త వచ్చాడు - ఈ తీరున సాగింది ఆయన ప్రసంగం. తమ జాతి మచ్చలను మొదట తామే బయటపెట్టుకున్నారు. ఆ తర్వాత మర్యమ్ సూరా మొదటి భాగం వినిపించారు. క్రైస్తవ రాజు కంట నీరు తిరిగింది. ఇంతవరకు వ్యాపార శిక్షకులు కూడా మెచ్చుకుంటారు, వినేవాడి మనసు ఎరిగి కథ ఎంచుకున్నారని. కాని మరునాటి సంగతి కూడా చూడాలి. ఈసా (అలై) గురించి వీళ్లు ఏమంటారో అడగండి అని దూతలు రాజుకు ఎక్కించారు. ప్రాణాలన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉన్నాయి. రాజుకు ఇంపుగా మాట మార్చి చెప్పవచ్చు. అయినా మా ప్రవక్త మాకు తెలిపిందే చెబుతాం, ఏమైనా కానీ అని ముందే నిశ్చయించుకుని, ఈసా (అలై) అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త అని జాఫర్ (రజి) నిర్మొహమాటంగా చెప్పారు. మొదటి రోజు కథ ఎందుకు చెప్పారో ఆ రెండో రోజు జవాబు వల్లనే మనకు తెలుస్తోంది. అది రాజును మెప్పించటానికి కట్టింది కాదు.

సరే, కల్పిత కథ మాటేమిటి? జంతువులు మాట్లాడవని చంటిపిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి నక్క ఇలా అంది, సింహం అలా అంది అంటే ఎవరూ మోసపోరు. రెండో హిజ్రీ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా మన పంచతంత్రాన్ని పహ్లవీ భాషలోనుంచి అరబీలోకి 'కలీలా వ దిమ్నా' పేరుతో తెచ్చాడు. కరటక దమనకులే ఈ కలీలా, దిమ్నా. పరవస్తు చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా తెలుగు చేసిన మిత్రలాభం, మిత్రభేదం బడిలో చదువుకున్నవారికి ఈ నక్కలు పరిచయమే. మిత్రభేదం మొత్తం కథలతో ఒప్పించటం గురించిన కథే. దమనకుడు సింహానికి ఒక కథ, ఎద్దుకు మరో కథ చెప్పి ప్రాణస్నేహితుల మధ్య పగ పెంచుతాడు. చివరికి సింహం ఎద్దును చంపుతుంది. సంస్కృత మూలంలో దమనకుడికి శిక్ష ఏమీ పడదు. అరబీ గ్రంథంలో మాత్రం అదనంగా ఒక అధ్యాయం ఉంది. దిమ్నాను న్యాయస్థానం ముందుకు తెచ్చి, విచారణ జరిపి, నేరం రుజువు చేసి శిక్షిస్తారు. ఆ అధ్యాయం ఇబ్నుల్ ముఖఫ్ఫా స్వయంగా చేర్చిందేనని పరిశోధకులు సాధారణంగా భావిస్తారు. కథలతో కొంప కూల్చినవాడు తప్పించుకుపోవటం ఆ అనువాదకుడి మనసుకు రుచించలేదు కాబోలు.

ఉర్దూలో డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో రాసిన 'మిర్ఆతుల్ ఉరూస్' కూడా ఈ కోవలోదే. అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్లు ఎక్కడా లేరు. ఆ సంగతి చదివేవాళ్లకు తెలుసు. అయినా ఎన్నో ఇళ్లలో ఆడపిల్లలు దాన్ని చదివి ఇల్లు నడపటం గురించి ఆలోచించారు. ఇందులో ఎవరికి ఏ నష్టం జరిగింది?

చిక్కంతా కల్పించిన కథను జరిగిందని చెప్పినప్పుడు వస్తుంది. ఈ విషయంలో ఇతరులను అనేముందు మా పండిత వర్గాన్నే ముందు నిలబెట్టాలి. పూర్వం బస్రా, బగ్దాద్ మస్జిదుల్లో 'ఖుస్సాస్' అనే కథకులుండేవారు. జనాన్ని ఏడిపించి, వణికించి, చివర కానుకలు పోగుచేసుకునేవారు. బగ్దాద్‌లో తానే గొప్ప ఉపన్యాసకుడైన ఇబ్ను జౌజీ (మరణం: హి.597) వీరిమీద ఒక గ్రంథమే రాశారు. కథనాన్ని ఆయన నిషేధించలేదు, కథకుడికి జ్ఞానమూ భయభక్తులూ ఉండాలన్నారు. మరికొందరు సదుద్దేశంతోనే ఘోరానికి ఒడిగట్టారు. నూహ్ బిన్ అబీ మర్యమ్ అనే వ్యక్తి ఒక్కొక్క సూరా పారాయణకు ఒక్కొక్క పుణ్యఫలం చెబుతూ హదీసులు కల్పించాడు. ఎందుకని అడిగితే, జనం ఖుర్ఆన్‌ను వదిలి ఇతర గ్రంథాల్లో మునిగిపోయారు, వాళ్లను తిరిగి మళ్లించటానికే ఈ పని చేశాను అన్నాడట. ప్రవక్త (స) మీద అబద్ధమాడితే నరకమే కదా అంటే, ఆయనకు వ్యతిరేకంగా కాదు, ఆయన కోసమే ఆడాం అన్నవారు కూడా ఉన్నారు! మంచి కోసమే కదా అన్న ఈ సమర్థన నేటికీ జల్సా వేదికల మీద బతికే ఉంది. చందా వసూలు చేసేటప్పుడు మరీను.

ఈ సందర్భంలో ఉలమా చెప్పే ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. బగ్దాద్‌లోని రుసాఫా మస్జిదులో ఒక కథకుడు, నాకు అహ్మద్ బిన్ హంబల్, యహ్యా బిన్ మయీన్ చెప్పారు అంటూ పెద్ద కట్టుకథ హదీసుగా వినిపిస్తున్నాడు. ఆ ఇద్దరు ఇమాములూ అక్కడే కూర్చుని ఉన్నారు. కథ ముగిశాక పిలిచి, మేమే వాళ్లం, ఇది మేమెన్నడూ చెప్పలేదు అంటే, లోకంలో అహ్మద్, యహ్యా మీరిద్దరేనా, ఆ పేరున్న మరెందరి దగ్గరో నేను విన్నాను అని ఎగతాళి చేసి వెళ్లిపోయాడట. ఎంత రక్తి కట్టే కథ! కట్టుకథలు నమ్మవద్దని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. తీరా చూస్తే, ఉల్లేఖకుల గుణదోషాలు జల్లెడ పట్టిన ఇమామ్ జహబీ (మరణం: హి.748), ఈ ఉదంతం చెప్పిన వ్యక్తి ఎవరో తనకు తెలియదనీ, ఇది అతడు కల్పించిందేనేమో అని అనుమానంగా ఉందనీ రాశారు. కట్టుకథల మీద హెచ్చరికే కట్టుకథ కావచ్చునన్నమాట! దీన్ని వేదికల మీద చెప్పటం ఇంకా ఆగలేదు. తమకు అనుకూలమైన కథను పరీక్షకు పెట్టటం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మదీనా మస్జిదు ఖాదిమ్ షేక్ అహ్మద్ కలగన్నాడంటూ తిరిగే కరపత్రాన్ని ఎరుగనివారు తక్కువ. ఇన్ని ప్రతులు పంచితే వ్యాపారంలో లాభం, నమ్మనివాడికి నష్టం అని అందులో ఉంటుంది. ఇది కల్పితమని అల్లామా రషీద్ రజా 20వ శతాబ్దం మొదట్లోనే ఖండించారు. తర్వాత షేక్ ఇబ్ను బాజ్ కూడా వివరంగా ఖండించారు. అయినా కరపత్రం చావలేదు. ఒకప్పుడు దుకాణదారులు డబ్బు పెట్టి అచ్చువేయించేవారు. ఇప్పుడు ఖర్చు లేకుండా వాట్సాప్‌లో పంపుతున్నారు. చదివినవారు ఏదో నమాజు వైపు మళ్లుతారు కదా అంటారు. కాని విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయటమే మనిషి అబద్ధాలకోరు కావటానికి చాలునన్న భావంగల హదీసు సహీహ్ ముస్లిం ముందుమాటలోనే ఉంది.

ఇక బజారు విషయానికి వద్దాం. దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. అయితే జనానికి కనబడేలా తడిసిన దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తనవాడు కాదన్నారు. ఆ వ్యాపారి నోరు తెరచి ఒక్క అబద్ధం చెప్పలేదు, గమనించండి. పైన పోసిన పొడి ధాన్యమే అతని తరఫున కథ చెప్పింది.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో సరుకును పొగడటం గురించి తర్కించిన తీరు నేటి వ్యాపారి చదివి తీరవలసింది. లేని గుణం చెబితే అబద్ధం. ఉన్న గుణమే అయినా కొనేవాడికి చూడగానే తెలిసేదైతే ఆ పొగడ్త వ్యర్థ ప్రలాపం. అతనికి తానుగా తెలియని గుణమైతే అతిశయోక్తి లేకుండా చెప్పవచ్చు. అదే చోట ఆయన బస్రాకు చెందిన పట్టు వర్తకుడు, తాబియీ యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) ఉదంతం రాశారు. కొనటానికి ఒకరు వచ్చారు. దుకాణంలోని కుర్రవాడు బట్టల మూట విప్పి, పరచి చూసి, అల్లాహ్! మాకు స్వర్గం ప్రసాదించు అన్నాడు. యూనుస్ వెంటనే దాన్ని మడిచి లోపల పెట్టించి ఆ బేరమే వదులుకున్నారు. ఎందుకు? ఆ దుఆ సరుకును చాటుగా పొగిడినట్టు అయిందేమోనన్న భయంతో. ఇంత పట్టింపు ప్రతి దుకాణదారుకు విధిగా చెప్పలేం. కాని స్వర్గం పేరు బేరానికి పనికిరావటం ఆయన ఎంత దూరంనుంచి పసిగట్టారో చూడండి. నేడు తేనె సీసా మీద, నల్ల జీలకర్ర నూనె మీద హదీసు అచ్చువేసి, ఫలానా ఊళ్లో ఫలానా వ్యక్తికి షుగర్ పూర్తిగా తగ్గింది, మందులు మానేశాడు అని కథ జోడించేవారు ఆ కుర్రవాడి కన్నా ఎన్ని యోజనాలు ముందుకు వెళ్లినట్టు? ఆ వ్యక్తికి నిజంగానే తగ్గిందనుకుందాం. తగ్గనివారి కథలు ఎవరు చెబుతారు? ఒక నిజాన్ని చూపించి మిగతా నిజాలను కప్పేయటం తడి మీద పొడి ధాన్యం పోయటమే. మందులు మానేసినవాడి కాలికి పుండు పడితే ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

దావూద్ (అలై) ముందుకు వచ్చిన వాది కూడా, తన సోదరుడికి 99 గొర్రెలుండగా తనకున్న ఒక్కదాన్నీ అడిగి ఒత్తిడి చేస్తున్నాడని చెప్పుకున్నాడు. రెండో పక్షం మాట వినకముందే ఆయన నోట తీర్పు వెలువడిందని, ఆ తర్వాత ఆయన పశ్చాత్తాపపడటంలో ఇదొక కారణమని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ప్రవక్తనే కదిలించిన ఒంటిపక్క కథ మనల్ని కదిలించదా?

2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో వడ్డీ లేని హలాల్ లాభం పేరుతో డిపాజిట్లు సేకరించిన సంస్థలు కుప్పకూలి, వేలాది కుటుంబాలు వీధిన పడిన సంగతి తెలిసిందే. హజ్ కోసం దాచుకున్నది, నగలు అమ్మి పెట్టినది, పదవీ విరమణ సొమ్ము అన్నీ పోయాయి. ఇలాంటి చోట జనం ఆస్తి అప్పుల పట్టీ అడగరు. పక్కింటివారికి నెలనెలా లాభం వస్తోందన్న ముచ్చట వింటారు, గడ్డం టోపీ చూస్తారు. వడ్డీ తినకూడదన్న భక్తి, పిల్లల పెళ్లిళ్ల దిగులు - ఈ రెండూ వాళ్ల గుండెలోనే ఉన్నాయి. ఎవరో వాటిని ఏరుకుని కథగా మలచి తిరిగి అప్పగించారు. యాఖూబ్ (అలై) కొడుకులు చేసింది ఇదే కదా!

కాబట్టి మాకు తోచిన కొలబద్ద ఒకటి చెబుతాం. కథ ఎలా తయారైందో వినేవాడికి పూర్తిగా తెలిసిపోయిందనుకోండి. అప్పుడు కూడా అతడు తన నిర్ణయానికి కట్టుబడి ఉంటాడా, లేక డబ్బు తిరిగిమ్మంటాడా? నక్క మాట్లాడలేదని తెలిసినా నీతిచంద్రిక చదివినవాడు పుస్తకం వెనక్కి ఇవ్వడు. సీసా మీది నానమ్మ ఏ ఊళ్లోనూ లేదని తెలిస్తే, ఆవిడ చేతివాటం కోసమే నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినవాడు మొహం చిట్లిస్తాడు. బొమ్మ బొమ్మేనని అందరికీ తెలిసేలా ఉంటే పేచీ లేదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఒక బట్టలో లోపం ఉందని, అది చెప్పి అమ్మమని భాగస్వామి హఫ్స్‌కు చెప్పి పంపారు. అతడు మరచిపోయి చెప్పకుండా అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా సదఖా చేసేశారు. అక్కడ కల్పించింది ఏమీ లేదు, ఒక మాట చెప్పకుండా పోయింది, అంతే.

పెళ్లి సంబంధాల్లో ఈ కొలబద్దను ఎవరూ బయటకు తీయరు. అబ్బాయి దుబాయిలో పెద్ద ఉద్యోగం అంటారు, ఏం ఉద్యోగమో చెప్పరు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి సలహా అడిగితే దైవప్రవక్త (స) కథలేమీ చెప్పలేదు. ఒకాయన పేదవాడు, మరొకాయన భుజంమీది కర్ర దించడు అని ఉన్నదున్నట్టు చెప్పారు. పిల్లల విషయంలోనూ అంతే. ఒక తల్లి బిడ్డను ఇటు రా, ఒకటి ఇస్తాను అని పిలిస్తే, ఏమివ్వాలనుకున్నావని ఆయన అడిగారు. ఖర్జూరం అంది ఆమె. ఏమీ ఇవ్వకపోతే నీ లెక్కలో ఒక అబద్ధం రాయబడేది అన్నారు. బూచాడి కథ చెప్పి అన్నం తినిపించే తల్లులు దీనిమీద కాస్త ఆలోచించాలి. విడిపోయిన ఇద్దరిని కలపటానికి మాత్రం, అతను నిన్ను మంచిగానే తలుచుకున్నాడు అని చెప్పేవాణ్ణి అబద్ధాలకోరుగా లెక్కించరాదని హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ బిన్తె ఉఖ్బా (రజి) ఉల్లేఖించారు. ఈ వెసులుబాటు రాజీ కుదిర్చేవాడికే గాని, బేరం కుదిర్చేవాడికి కాదు.

ఇక మా కొలబద్దకు తేలికగా లొంగని ఒక సంఘటన మిగిలి ఉంది. హజ్రత్ అబూ తల్హా (రజి) కుమారుడు జబ్బుతో ఉన్నాడు. ఆయన బయటికి వెళ్లిన సమయంలో బిడ్డ కన్నుమూశాడు. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) బిడ్డకు కఫన్ చుట్టి ఇంట్లో ఒక పక్కన పడుకోబెట్టి, నేను చెప్పేవరకు ఎవరూ ఆయనకు చెప్పవద్దని ఇంటివారికి చెప్పారు. ఆయన రాగానే పిల్లవాడెలా ఉన్నాడని అడిగారు. ముందుకన్నా నెమ్మదించాడు, విశ్రాంతి దొరికిందనుకుంటాను అన్నారామె. ప్రతి అక్షరం నిజమే. ఆయన మరోలా అర్థం చేసుకున్నారు. భోజనం వడ్డించారు. ఆ రాత్రి భార్యాభర్తలుగా గడిపారు. ఆ తర్వాత ఆమె ఒక చిన్న కథ లాంటి ప్రశ్న వేశారు: ఎవరైనా ఒక ఇంటివారికి ఒక వస్తువు ఎరువిచ్చి, తర్వాత తిరిగి అడిగితే, ఆ ఇంటివారు ఇవ్వమని అనవచ్చా? అనకూడదు అన్నారాయన. అయితే మీ కొడుకు విషయంలో సహనం వహించి పుణ్యాన్ని ఆశించండి అన్నారామె.

ఈ ఉదంతాన్ని మేము ఎన్నో ఉపన్యాసాల్లో విన్నాం. ఆమె సహనాన్నీ, చెప్పిన నేర్పునూ అందరూ కొనియాడతారు. కొనియాడవలసిందే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన దుఃఖాన్ని దిగమింగి భర్త గుండెను ఆ మాటకు సిద్ధం చేసింది. ఆమెకు అందులో స్వలాభం ఏమీ లేదు. కాని హదీసులో ఆ తర్వాతి వాక్యం దగ్గర చాలామంది ఆగరు. అబూ తల్హా (రజి)కు కోపం వచ్చింది. ఇదంతా జరగనిచ్చి ఇప్పుడా నా కొడుకు సంగతి చెబుతున్నావు అని నొచ్చుకున్నారు. కథ ఎంత ప్రేమతో అల్లినదైనా, తనను దాని లోపల నడిపించారని తెలిసినప్పుడు మనిషికి కలిగే బాధ అది. ఆ బాధతోనే ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి జరిగిందంతా చెప్పారు. ఆయన అబూ తల్హా (రజి) కోపాన్ని తప్పుబట్టినట్టు ఆ ఉల్లేఖనంలో లేదు. ఉమ్మె సులైమ్ (రజి)ను మందలించినట్టూ లేదు. గడచిన ఆ రాత్రిలో మీ ఇద్దరికీ అల్లాహ్ శుభం కలిగించుగాక అని దుఆ చేశారు. తర్వాత వాళ్లకు ఒక కొడుకు పుట్టాడు. హజ్రత్ అనస్ (రజి) ఆ పసికందును ఎత్తుకుని, వెంట కొన్ని ఖర్జూరాలు పట్టుకుని వెళ్తే, దైవప్రవక్త (స) ఒక ఖర్జూరం నమిలి శిశువు నోటిలో పెట్టి, అబ్దుల్లాహ్ అని పేరు పెట్టారు.